గాజులు విడిపించే లెక్క: తిరుపతి ఇంట్లో ఒక పొదుపు డైరీ

ఫిబ్రవరి, చివరి వారం

ఈ డైరీకి ఒకటే లక్ష్యం: కుదువలో ఉన్న బంగారం ఇంటికి రావాలి. అత్త మోకాలి ఆపరేషన్‌కు, పెద్దోడి కాలేజీ ఫీజుకు కలిపి లక్షన్నర కావాల్సి వచ్చింది. నా గాజులు, గొలుసు ఒక వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టాం. నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు మూడు వేలు. అసలు మీద ఒక్క రూపాయి కూడా తగ్గకుండా ప్రతి నెలా అంత డబ్బు పోతోంది.

బైరాగిపట్టెడలో అద్దె ఇల్లు మాది. మొదటి అంతస్తులో ఉంటాం, పైన మిద్దె వాడుకోవచ్చు. అత్త, ఆయన, ఇద్దరు పిల్లలు, నేను. ఆయన ఒక లాడ్జిలో పని చేస్తారు. నేను ఇంట్లోనే మిషన్ మీద జాకెట్లు, ఫాల్స్, పిల్లల గౌన్లు కుడతాను.

నోటుబుక్కులో మూడు గడులు గీశాను. ఒకటి డబ్బు, రెండోది గ్యాసు లేదా కరెంటు, మూడోది నా టైము. మూడో గడి గురించి ఇంట్లో అందరికీ ముందే చెప్పాను. పొదుపు పేరుతో ఆడవాళ్ల మీద పడే పనుల్లో చాలావాటికి ఎవరూ టైము లెక్క కట్టరు. రోట్లో రుబ్బితే కరెంటు మిగులుతుందంటారు, నాలుగు బజార్లు తిరిగితే రెండు రూపాయలు తగ్గుతుందంటారు. ఆ గంటలో నేను ఒక జాకెట్టు కుడితే వచ్చే కూలీ ఎంత? ఆ లెక్క తేలకుండా మిగిలిందో పోయిందో చెప్పలేం. అందుకే నా గంట తినేసి పావలా మిగిల్చే పని ఏదైనా సరే, ఈ పుస్తకంలోంచి కొట్టేస్తాను.

తగ్గించకూడనివి కూడా మొదటి పేజీలోనే రాశాను: పాలు, గుడ్లు, పప్పు, అత్త మందులు, పిల్లల పుస్తకాలు. రైతుబజారులో రైతు దగ్గర బేరం ఆడకూడదన్నది ఆయన చేర్పించిన షరతు. వాళ్ల నాన్న పాకాల దగ్గర చెనక్కాయ (వేరుశనగ) పండించిన మనిషి.

ఇంకో విషయం కూడా అప్పుడే మాట్లాడుకున్నాం. అన్న క్యాంటీన్లో 5 రూపాయలకే భోజనం. కొండ మీద 1985 నుంచి నిత్యాన్నదానం జరుగుతోంది. మధ్యాహ్నం క్యాంటీన్లో తింటే మనకు మిగులుతుంది కదా అని పెద్దోడు అడిగాడు. నేను వద్దన్నాను. అది ఆటో తోలేవాళ్లకు, కూలీకి వచ్చినవాళ్లకు, ఆసుపత్రి బయట పడిగాపులు కాసేవాళ్లకు. కొండకు పోయినప్పుడు ప్రసాదంగా తింటాం. ఇంట్లో పొయ్యి వెలిగించుకోగలిగినంత కాలం ఆ వరుసలో నిలబడి మిగిల్చుకోవడం నాకు ఇష్టం లేదు.

మార్చి, మొదటి వారం

మొదట పట్టుకున్నది వంటింటిని కాదు, వడ్డీని. నెలకు మూడు వేలు అక్కడ పోతుంటే చక్కెర డబ్బా దగ్గర కొలతలు వేసి లాభం లేదు.

బ్యాంకులో గోల్డ్ లోన్ వడ్డీ సంవత్సరానికి 9 శాతం చెప్పారు. మన లెక్కలో నూటికి నెలకు 75 పైసలు. లక్షన్నరకు నెలకు 1,125 రూపాయలు. అప్పు ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మారిస్తేనే నెలకు 1,875 మిగులుతుంది. వంటింట్లో ఎంత నొక్కి పట్టినా ఇంత రాదు.

చిక్కల్లా ఒకటే. వ్యాపారి దగ్గర డబ్బు కడితేగాని నగ చేతికి రాదు, నగ చేతికి వస్తేగాని బ్యాంకు డబ్బివ్వదు. మధ్యలో ఒక్క రోజుకు లక్షన్నర కావాలి. మా తమ్ముడు చీటీ పాడిన డబ్బు చేతిలో ఉండటంతో సర్దాడు. పొద్దున వ్యాపారి దగ్గర విడిపించి, అటునుంచి అటే బ్యాంకుకు పోయాం. అప్రైజర్ రాయి మీద గీసి, తూకం వేసి, రాళ్ల బరువు తీసేసి లెక్క కట్టాడు. సాయంత్రానికి తమ్ముడి డబ్బు తమ్ముడికి చేరింది.

ఇక్కడ ఒక పని చేశాం, ఇలాంటి అప్పున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. రెండు నగలనూ ఒకే లోన్ కింద పెట్టలేదు. గాజుల మీద 50 వేలు ఒక లోన్, గొలుసు మీద లక్ష ఇంకో లోన్. అంతా ఒకటే ఖాతా అయితే మామూలుగా మొత్తం తీరితేగాని ఏ నగా బయటకు రాదు. విడిగా ఉంటే చిన్నది ముందు తీర్చి తెచ్చుకోవచ్చు. నగల పేర్లు, గ్రాములు, రాళ్ల బరువు రాసిన రసీదు తీసుకుని ఫోటో కూడా తీసి పెట్టాను.

ఆయన పోస్టాఫీసులో ఆర్డీ, అంటే నెలనెలా కట్టే పొదుపు, కట్టాలనుకుంటున్నారు. ఐదేళ్ల ఆర్డీకి ఇప్పుడు 6.7 శాతం వడ్డీ. మనం 9 శాతం కడుతూ 6.7 సంపాదించడంలో అర్థం లేదు. జ్వరమో ప్రయాణమో వస్తే తీసుకోవడానికి కొంత పక్కన పెట్టి, మిగిలిందంతా గాజుల లోన్‌కే వెయ్యాలని తేల్చుకున్నాం.

మార్చి, రెండో వారం

కరెంటు పని మొదలైంది. కరెంటు పంపిణీ చేసే దక్షిణ డిస్కం హెడ్డాఫీసు మన ఊళ్లోనే ఉంది కాని, మనలో చాలామంది బిల్లు వెనక స్లాబులు ఎప్పుడూ చదవం. 2022లో వచ్చిన రేట్ల ప్రకారం ఇంటి కనెక్షన్‌కు మొదటి 30 యూనిట్లకు రూ.1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా రూ.4.50, 225 దాకా 6 రూపాయలు, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. మనం తగ్గించే ప్రతి యూనిట్టూ పై స్లాబులోంచే తగ్గుతుంది. పోయిన మేలో మాకు 240 యూనిట్లు వచ్చాయి. అందులో చివరి 15 యూనిట్లు ఒక్కొక్కటి రూ.8.75 చొప్పున కట్టాం. సర్దుబాటు చార్జీలు, డ్యూటీ అదనం.

ఏ వస్తువు ఎంత తాగుతోందో తెలియడానికి ఏ మిషనూ కొనక్కర్లేదు, మీటరే చెబుతుంది. మా మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులు అని రాసుంది. అంటే ఆ ఎర్ర లైటు 3200 సార్లు మినుకుమంటే ఒక యూనిట్. ఒక మినుకుకు, ఇంకో మినుకుకు మధ్య ఎన్ని సెకన్లో ఫోన్లో చూసుకుని, 1125ను ఆ సెకన్లతో భాగిస్తే ఆ క్షణంలో ఇల్లు లాగుతున్న వాట్లు వచ్చేస్తాయి. మీ మీటరు మీద 1600 అని ఉంటే 2250ని భాగించాలి.

అన్నీ ఆపి హాల్లో పాత ఫ్యాన్ ఒక్కటే వేశాను. పదిహేను సెకన్లకు ఒక మినుకు, అంటే 75 వాట్లు. ఇస్త్రీ పెట్టె పెడితే ఇంచుమించు సెకనుకొకటి. టీవీ ఆపి సెటాప్ బాక్సు మాత్రం ఉంచితే చాలా ఆలస్యంగా, రెండు నిమిషాలకు కాస్త ముందు, ఒకటి. అంటే ఎవరూ చూడకపోయినా రాత్రంతా పది వాట్లు.

అసలు విషయం ఆ తర్వాత బయటపడింది. రాత్రి ఫ్రిజ్‌తో సహా అన్ని స్విచ్చులూ ఆపినా లైటు మినుకుతూనే ఉంది. పంతొమ్మిది సెకన్లకు ఒకటి. చిన్నోడు ఇల్లంతా వెతికి, బయట మెట్ల దగ్గరి బల్బు ఆపితే మీటరు నిలిచిపోతోందని కనిపెట్టాడు. 60 వాట్ల పాత బల్బు, రాత్రంతా వెలుగుతుంది. కింద పోర్షన్ వాళ్లూ, మేమూ, ఓనరూ వాడుకునే మెట్లు. వైరు మాత్రం మా మీటరుకు కలిపి ఉంది. రోజుకు పన్నెండు గంటలంటే నెలకు ఇరవై యూనిట్లు దాటుతుంది. ఓనరు అంకుల్‌ను పిలిచి మీటరు చూపించాం. ఎలక్ట్రీషియన్‌ను తీసుకొచ్చి ఆ వైరు తన మీటరుకు మార్పించి, 9 వాట్ల ఎల్ఈడీ పెట్టించారు. అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు ఈ ఒక్క పరీక్ష తప్పకుండా చేసి చూడండి.

మార్చి, మూడో వారం

ఫ్రిజ్ వంతు. ఆదివారం అందరం పాకాల పోతూ, ఫ్రిజ్ తప్ప అన్నీ ఆపి మీటరు రీడింగ్ రాసుకున్నాం. మర్నాడు అదే టైముకు వచ్చి చూస్తే రెండు యూనిట్లు. ఒక డోరు చిన్న ఫ్రిజ్‌కు ఇది ఎక్కువ. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగి చూశాను. మూడు వైపులా బిగువుగా ఉంది, కింది మూల దగ్గర జారి వచ్చేసింది. రబ్బరు గాస్కెట్ గట్టిపడిపోయింది. లీలామహల్ దగ్గర పాత ఫ్రిజ్‌లు బాగుచేసే అతను కొత్తది వేశాడు. గోడకు అతుక్కుని ఉన్న ఫ్రిజ్‌ను జానెడు ముందుకు జరిపాం. లోపల గడ్డకట్టిన మంచు వారానికోసారి కరిగిస్తున్నాం. ఇప్పుడు రోజుకు యూనిట్టున్నర లోపే.

హాల్లో ఫ్యాన్ మార్చాం. అది రోజుకు పదిహేను గంటలు తిరుగుతుంది, నా మిషన్ కూడా దాని కిందే. తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 28 వాట్లు. నెలకు ఇరవై యూనిట్ల తేడా, ఆరు రూపాయల స్లాబులో 120. రెండేళ్లలో దాని ఖరీదు అదే తెచ్చిపెడుతుంది. పడగ్గది ఫ్యాన్ రాత్రి మాత్రమే తిరుగుతుంది కాబట్టి దాన్ని ఇప్పుడే మార్చం.

వేడినీళ్ల లెక్క కూడా కట్టాను. పదిహేను లీటర్ల బకెట్టును 25 డిగ్రీల నుంచి 45కు తేవాలంటే యూనిట్‌లో మూడో వంతు చాలు. గ్యాసు మీద కాచినా ఇంచుమించు అంతే ఖర్చు. కాబట్టి హీటరా పొయ్యా అని కొట్లాడుకోవడం అనవసరం. తిరుపతిలో మార్చి నుంచి మిద్దె మీద ట్యాంకు నీళ్లే సాయంత్రానికి వేడెక్కుతాయి. అత్తకు పొద్దున కాకుండా సాయంత్రం స్నానం పెట్టుకుందామంటే ఒప్పుకుంది.

మార్చి చివర

చింతపండు. సంవత్సరానికి సరిపడా ఈ నెలలోనే కొనాలి. కొత్త కాయ దిగేది ఇప్పుడే. మా చిత్తూరు వంటకు చింతపండు లేకపోతే ఏదీ నడవదు: ఊరిబిండికి (చెనక్కాయల పచ్చడి) కావాలి, పులుసుకు కావాలి, చారుకు కావాలి. నెలనెలా ప్యాకెట్ కొంటే పడే ధరకూ, సీజన్‌లో మూటగా కొన్నదానికీ చాలా తేడా. గింజ తీసినదే కొన్నాను. గింజతో ఉన్నది చవకే, కాని కొట్టి గింజ తీయడానికి రెండు మధ్యాహ్నాలు పోతాయి, టైము గడి ఒప్పుకోలేదు. ఒకరోజు ఎండ పెట్టి, కల్లుప్పు వేసి జాడీకెత్తాను. ఎండు మిరపకాయలూ అలాగే.

పప్పులు మాత్రం రెండు నెలలకు మించి కొనను. వేసవిలో పురుగు పడితే మిగిలింది కూడా పోతుంది.

ఏప్రిల్

ఈ నెలంతా గ్యాసే. సిలిండర్ ఎన్ని రోజులు వచ్చిందన్న లెక్క నాకు సరిపోలేదు, ఎందుకంటే అది తెలిసేసరికి సిలిండరే అయిపోతుంది. బరువు చూసే మిషన్ ఒకటి తెచ్చి ఆదివారం ఆదివారం సిలిండర్‌ను దాని మీద నిలబెడుతున్నాం. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. లోపల నిండుగా ఉంటే 14.2 కిలోలు. వారానికి ఎంత తగ్గిందో తెలిస్తే ఏ మార్పు పని చేసిందో వెంటనే తేలిపోతుంది. రెగ్యులేటర్ తీసేటప్పుడు, మళ్లీ పెట్టేటప్పుడు సబ్బునీళ్లు పూసి లీకు చూడటం మరవకూడదు.

మొదటి వారం ఏదీ మార్చకుండా వండాను. రెండు కిలోలకు పైగా పోయింది.

రెండో వారం బర్నర్లు. మంట అంచున పసుపు కనిపిస్తోంది, గిన్నెల అడుగున మసి. బర్నర్ విప్పి, నిమ్మ తొక్కల నీళ్లలో నానబెట్టి, ప్రతి కన్నాన్నీ సూదితో తీశాను. మంట నీలంగా మారింది. చిన్న గిన్నెను పెద్ద బర్నర్ మీద పెట్టి, మంట పక్కల నుంచి పైకి పోనివ్వడం మానేశాను. కందిపప్పు అరగంట నానబెడితే విజిళ్లు సగానికి తగ్గాయి. ఒకే కుక్కర్లో కింద పప్పు, పైన గిన్నెలో అన్నం, పక్కన రెండు ఉర్లగడ్డలు. ఇవేవీ కొత్త సంగతులు కావు. కాని తూకం వేసి చూస్తే వారానికి మూడు నాలుగు వందల గ్రాములు తగ్గింది.

మూడో వారం చేసింది నాకు చాలా నచ్చింది. అట్టపెట్టెలో పాత బొంత మడత పెట్టి, మధ్యలో కుక్కర్ పట్టేంత గుంట చేశాం. రాత్రంతా నానిన శనగలను కుక్కర్లో రెండు విజిళ్లు రానిచ్చి, ఆపిన వెంటనే బొంతలో పెట్టి, పైన ఇంకో దుప్పటి కప్పేశాను. కుక్కర్ లోపల నీళ్లు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ వేడి బయటకు పోకపోతే మంట లేకుండానే ఉడుకుతూ ఉంటుంది. రెండు గంటల తర్వాత తీస్తే గింజ వేళ్ల మధ్య మెత్తగా నలిగింది. అన్నం కూడా ఇలాగే: ఎసరు మరిగాక ఐదు నిమిషాలు ఉడికించి, మూత గట్టిగా పెట్టి, ముప్పావు గంట బొంతలో. మంట దగ్గర నిలబడే పని లేదు కాబట్టి ఆ టైముకు నేను మిషన్ దగ్గర ఉంటాను. ఈ పద్ధతిలో గ్యాసు గడి, టైము గడి రెండూ తగ్గాయి.

రెండు జాగ్రత్తలు. బొంతలో పెట్టినదాన్ని గంటల తరబడి వదిలేయకూడదు, గోరువెచ్చగా మారితే పాడవుతుంది. తీశాక ఒకసారి బాగా మరిగించే వడ్డిస్తాను. మాంసం ఇలా వండను.

సంగటి మాత్రం పొయ్యి మీదే కావాలి. నూకలు ఉడికాక రాగిపిండి వేసి కట్టెతో గెలికితేనే సంగటి. అయినా రాగి మా ఇంటి పొదుపుకు పెద్ద దిక్కు. మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి, ఎనిపిన (మెత్తగా మెదిపిన) ఆకుకూర తింటే సాయంత్రం దాకా పిల్లలు బేకరీ మాట ఎత్తరు. మిగిలిన ముద్దను రాత్రి మజ్జిగలో నానేస్తే పొద్దున అంబలి. ఆకుకూరల్లో చెంచలాకు, పాయలాకు వచ్చినరోజు వదలను.

నెల చివరికి వారానికి కిలోన్నర దగ్గర నిలిచింది. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ప్రభుత్వ దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఈ లెక్కన మేము సొంతంగా కొనాల్సిన సిలిండర్లు కూడా తగ్గిపోతాయి.

మే

ఈ నెల గురించి తిరుపతిలో కాపురం ఉండేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. సెలవులు, దర్శనాలు, చుట్టాలు. మనకు ఇక్కడ ఇల్లుందంటే కడప నుంచి, నెల్లూరు నుంచి, మద్రాసు నుంచి ఎవరు కొండకు వచ్చినా రాత్రికి మన ఇంట్లోనే దిగుతారు. అందులోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర. వేషాలు చూడటానికి మా ఆడబిడ్డ కుటుంబం మొత్తం వచ్చింది.

పొదుపు చేస్తున్నామని చుట్టాలకు తెలియకూడదని ఆయన అన్నారు. తెలిస్తే తప్పేముందని నేను. కాని వచ్చినవాళ్ల ముందు కొలత గ్లాసు తీయడం మాత్రం నాకూ ఇష్టం లేదు. కొండకు వచ్చిన మనిషికి అన్నం పెట్టడం ఈ ఊళ్లో ఉంటున్నందుకు మనకు దక్కిన భాగ్యమని అత్త ఎప్పుడూ అంటుంది. నేనూ అదే నమ్ముతాను. అందుకే మార్చి నుంచే ఒక డబ్బా విడిగా పెట్టాను. జాకెట్ల కూలీలోంచి వారం వారం కొంత అందులో వేస్తున్నాను. చుట్టాల ఖర్చు దాంట్లోంచే, ఇంటి ఖర్చుతో కలపను. ముందే తీసిపెట్టిన డబ్బు కాబట్టి వడ్డించేటప్పుడు మనసు పీకదు.

వంట కూడా మార్చాను. ఇంతకు ముందు చుట్టాలొస్తే హోటల్ నుంచి పూరీ, పరోటా తెప్పించేవాళ్లం. ఈసారి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, నాటుకోడి పులుసు. దర్శనం చేసుకుని వచ్చేవాళ్లకు పులగం, పచ్చిపులుసు. నెల్లూరు వాళ్లు ఊరిబిండి అడిగి అడిగి వేయించుకున్నారు, పోయేటప్పుడు ఎలా చెయ్యాలో రాసుకుని పోయారు. చెనక్కాయలు వేయించి పొట్టు తీసి, కాల్చిన మిరపకాయలు, చింతపండు, ఉప్పు, ఒక టమోటా వేసి బరకగా నూరి, చివర ఎర్రగడ్డ కచ్చాపచ్చాగా దంచి కలపాలి. మెత్తగా చేస్తే అది ఊరిబిండి కాదు.

అక్కడే టైము గడి మాట వచ్చింది. రుచి కోసం అత్త రోట్లో నూరమంది. ఒకరోజు నూరాను, అరగంట పట్టింది. మిక్సీలో అయితే రెండు సార్లు ఆపి ఆపి తిప్పితే అయిపోతుంది. 750 వాట్ల మిక్సీ పది నిమిషాలు తిరిగినా ముప్పావలాకు మించి కరెంటు కాదు. రెండో రోజు నేను రోలు దగ్గరికి పోతుంటే అత్తే ఆపింది. “పొద్దు గూకేదాకా నూరతా కూర్చుంటే ఆ జాకెట్లు ఎవురు కుడతార్మే? మిక్సీలో వేసేయ్, రుచి నేను చూస్తాలే” అంది. పుస్తకంలో రోలు కొట్టేశాను. పండగలకు మాత్రం ఉంటుంది.

మే బిల్లు వచ్చింది. చుట్టాలు, ఫ్యాన్లు అన్నీ కలిపి 170 యూనిట్లు. పోయినేడు 240. యూనిట్ల చార్జీ వరకే చూస్తే 1,148 నుంచి 687కు దిగింది. తగ్గిన 70 యూనిట్లకు 461 రూపాయలు.

జూన్

టమోటా వరుగులు. మా వైపు టమోటా ధర ఎవరి చేతిలోనూ ఉండదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో 200 దాకా పోయింది. ఇంకో కాలంలో కోత కూలీ కూడా రాక రైతు రోడ్డు పక్కన పారబోసి పోతాడు. చవకైన వారం చూసి రైతుబజారులో ఒక బాక్సు మొత్తం, ఆమె చెప్పిన ధరకే తీసుకున్నాం.

బాగా పండి గట్టిగా ఉన్నవి ఏరి, కడిగి తుడిచి, నాలుగు ముక్కలుగా కోసి, ఉప్పు, చిటికెడు పసుపు చల్లి, మిద్దె మీద చాప వేసి పాత పల్చటి చీర కప్పాం. సాయంత్రం లోపలికి, పొద్దున మళ్లీ ఎండకు. తిరుపతి ఎండకు నాలుగు రోజుల్లో తోలులాగా ముడుచుకున్నాయి. చేత్తో నలిపితే తడి తగలకూడదు, అప్పుడే డబ్బాకెత్తాలి. టమోటాలో నూటికి తొంభైకి పైగా నీళ్లే కాబట్టి బాక్సు కాయ ఒక స్టీలు డబ్బాలో ఒదిగిపోయింది. పప్పులో నాలుగు ముక్కలు వేస్తే చింతపండు కూడా తక్కువ పడుతుంది. మటిక్కాయ (గోరుచిక్కుడు) వరుగులు, కాకర వరుగులు కూడా కొంచెం చేశాం. కోయడం నలుగురం కలిసి చేశాం, అందుకే టైము గడిలో నా వంతు తక్కువ.

జులై

బడి ఖర్చుల నెల. గాజుల లోన్‌కు కట్టింది తక్కువ. రాయడానికి వేరే ఏమీ లేదు.

ఆగస్టు

15వ తారీకు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం వచ్చింది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే జీరో టికెట్. చిత్తూరులో అత్త చెల్లెలి ఇంటికి డెబ్బై కిలోమీటర్లు. అత్త, నేను ఎక్స్‌ప్రెస్‌లో పోయి వస్తున్నాం. మునుపు ఆటో, బస్సు చార్జీలకు భయపడి అత్త పండక్కి కూడా పోయేది కాదు. ఈ పుస్తకంలో ఖర్చు తగ్గకుండా సంతోషం పెరిగిన ఏకైక వరుస ఇది. చార్జీ లేకపోయినా ఆమె చెల్లెలికి పండ్లు కొనుక్కునే పోతుంది, పోనివ్వాలి కూడా.

క్యాన్ నీళ్లు తగ్గించాం. వంటకు కూడా క్యాన్ నీళ్లే వాడే అలవాటు పిల్లల వల్ల వచ్చింది. ఇప్పుడు తాగడానికి మాత్రమే, వంటకు మున్సిపాలిటీ నీళ్లు. బాగా మరిగే వంటకు ఆ నీళ్లు చాలు.

ఈ నెల టైము గడి మొత్తం కూడి చూశాను. సబ్బు ఇంట్లో తయారు చేయడం, బట్టలు చేత్తో ఉతకడం, నాలుగు దుకాణాలు తిరిగి ధర చూడటం, పాత స్వెటర్లు విప్పి మళ్లీ అల్లడం: నలుగురూ చెప్పినవి, కొన్ని మొదలుపెట్టినవి, అన్నీ కొట్టేశాను. వాటికి పోయే గంటలు మిషన్ దగ్గర పెడితే అంతకు మించి వస్తోంది. శ్రావణ మాసం పెళ్లిళ్లకు జాకెట్లు కుప్పలుగా వచ్చాయి. మెషిన్ వర్క్ ఉన్నవి వద్దనుకునేదాన్ని, ఇప్పుడు తీసుకుంటున్నాను. గాజుల లోన్‌కు ఈ నెల కట్టినంత ఏ నెలా కట్టలేదు. అందులో సగానికి పైగా ఈ కూలీనే.

అక్టోబరు

బ్రహ్మోత్సవాలు ముగిశాయి. చుట్టాల డబ్బా ఖాళీ అయింది, కాని ఇంటి ఖర్చు పెట్టె జోలికి పోలేదు.

కొత్త చెనక్కాయలు వస్తున్నాయి. పాకాల నుంచి ఆయన బంధువు తోటలోవి ఒక మూట కొన్నాం. పచ్చివి ఉప్పేసి ఉడకబెడితే సాయంత్రం పిల్లలకు అదే చిరుతిండి. ఎండినవి వలిచి నూనె ఆడిద్దామా అని ఆయన అడిగారు. మూడు దుకాణాల్లో గానుగ కూలీ విచారించి, నూనె తీశాక మిగిలే చెక్క ధర తీసేసి లెక్క వేస్తే, కొనే నూనెకూ దానికీ డబ్బులో తేడా రాలేదు. నూనె మంచిదన్నది నిజమే. కాని ఈ సంవత్సరం లక్ష్యం వేరు, వచ్చే సంవత్సరం చూద్దామన్నాను.

నవంబరు

గాజుల లోన్ తీరింది. చివరి వాయిదా కట్టిన రోజే ఆయన, నేను బ్యాంకుకు పోయాం. మార్చి రసీదులోని గ్రాములు, ఇప్పటి తూకం సరిచూసుకుని సంతకం పెట్టాం. ఇంటికి రాగానే అత్త గాజులు తన చేతికి తీసుకుని, దేవుడి దగ్గర పెట్టి, నా చేతికి తనే వేసింది.

ఎక్కడి నుంచి ఎంత వచ్చిందో పుస్తకంలో కూడి చూశాను. వడ్డీ మార్చడం వల్ల నెలకు 1,875 మిగిలింది, అన్నిటికంటే నిలకడగా వచ్చింది అదే. కరెంటు, గ్యాసు, నీళ్ల క్యాన్లు, బయటి తిండి కలిపితే కూడా అంతకు తక్కువే. మిగతాది జాకెట్ల కూలీ. ఇంట్లో కొత్తగా ఎవరైనా ఇది మొదలుపెడితే నేను చెప్పే వరుస కూడా ఇదే: ముందు వడ్డీ రేటు చూడండి, తర్వాత మీటరు, తర్వాత సిలిండర్ తూకం.

ఇప్పుడు గొలుసు మీద లక్ష ఉంది, నెలకు 750 వడ్డీ. గాజులకు కట్టిన డబ్బంతా వచ్చే నెల నుంచి దీనికి మళ్లిస్తాను. బ్యాంకులో రెన్యువల్ తేదీ క్యాలెండర్లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను, ఆ లోపు వడ్డీ కట్టకపోతే మళ్లీ పెరుగుతుంది. పడగ్గది ఫ్యాన్ సంక్రాంతి తర్వాత చూస్తాం. డిసెంబరులో అనపకాయలు దిగుతాయి, పితికిపప్పు చెయ్యకుండా మా ఇంట్లో చలికాలం గడవదు. గింజ పితకడం రెండు గంటల పని. పెద్దోడు, చిన్నోడు, వాళ్ల నాన్న కూర్చుంటారని ఇప్పుడే మాట తీసుకున్నాను.